బడ్డీ హాలీ నాష్‌విల్ రికార్డింగులు (1956): ఈ ఎల్పీ కొనదగ్గదేనా?

#1 గుంటూరు గిటార్
అందరికీ నమస్కారం. యాభైల రాక్ అండ్ రోల్ పిచ్చి నాకు ఈమధ్యే పట్టింది. అమెరికా గాయకుడు బడ్డీ హాలీని ఫోన్లో విని విని, చివరికి ఒక ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) తెప్పించుకున్నాను. పేరు 'దట్‌ల్ బీ ద డే'. అట్ట మీద పెద్దక్షరాలతో ఆ పాట పేరే ఉంది కాబట్టి ఇంకేం ఆలోచించలేదు.

రెండో వైపు మొదటి పాట అదే. కానీ నాకు తెలిసిన పాట కాదు! మాటలు అవే, గొంతూ అతనిదే. వెనక కోరస్ లేదు. మొదట్లో జారుతూ దిగే ఆ గిటార్ ఇక్కడ అలా లేదు. గొంతేమో ఎక్కడో పైన పట్టుకుని లాగుతున్నట్టు ఉంది. అమ్మినాయన్ని అడిగితే "ఒరిజినలే సార్" అంటున్నాడు. ఇది డూప్లికేటా? ఎవరైనా అతన్ని అనుకరించి పాడారా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

#2 అనకాపల్లి బెల్లం
అమ్మినాయన అబద్ధం చెప్పలేదు తమ్ముడూ. ఒరిజినలే. మరీ ఒరిజినల్, అదే చిక్కు. ఆగు, పాతసూది గారు వస్తారు.

#3 పాతసూది
వచ్చాను.

డూప్లికేటు కాదు. అదే పాట, అదే మనిషి, ఏడు నెలల ముందు పాడిన రూపం.

1955 నవంబరులో ఎల్విస్ ప్రెస్లీ సన్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ వదిలి పెద్ద కంపెనీ ఆర్సీయేకి వెళ్లాడు. దాంతో మిగతా పెద్ద కంపెనీలన్నీ తమకూ అలాంటి కుర్రాడు కావాలని వెతకడం మొదలుపెట్టాయి. టెక్సస్‌లోని లబ్బక్ ఊరి హాలీ అలా డెక్కా చేతికి దొరికాడు. అప్పటికి పందొమ్మిదేళ్లు. డెక్కా అతన్ని తమ నాష్‌విల్ శాఖకి అప్పగించింది. అక్కడ రికార్డింగులు చూసేది ఓవెన్ బ్రాడ్లీ, ఆ శాఖ వ్యాపారమంతా కంట్రీ సంగీతం, అంటే అమెరికా పల్లెల పాటల బాణీ. ఇక్కడ నాకెప్పుడూ ఒకటే ఆశ్చర్యం. రాక్ అండ్ రోల్ గాయకుడు బిల్ హేలీ అదే డెక్కా మనిషి. అతన్ని న్యూయార్క్‌లో మిల్ట్ గేబ్లర్ రికార్డు చేస్తున్నాడు. అంటే రాక్ అండ్ రోల్ తెలిసినవాడు ఇంట్లోనే ఉన్నాడు, కుర్రాణ్ని మాత్రం వేరే ఊరికి పంపారు.

1956లో నాష్‌విల్‌లో మూడు సెషన్లు జరిగాయి: జనవరి 26, జూలై 22, నవంబరు 15. నాలుగు, అయిదు, మూడు, మొత్తం పన్నెండు రికార్డింగులు. అందులో ఒక పాటని రెండుసార్లు చేశారు కాబట్టి పాటలు పదకొండు. మీ ఎల్పీలో ఉన్నవి లెక్కపెట్టుకోండి, పదకొండే. రెండు సింగిల్స్ (వైపుకి ఒక పాట ఉండే చిన్న రికార్డులు) వేశారు, రెండూ నడవలేదు. 1957 జనవరిలో ఒప్పందం పొడిగించడం లేదని చెప్పేశారు.

ఫిబ్రవరి ఆఖరులో హాలీ న్యూమెక్సికోలోని క్లోవిస్ వెళ్లి, నార్మన్ పెట్టీ స్టూడియోలో ఇదే పాట మళ్లీ పాడాడు. మీరు ఫోన్లో వినేది దాన్ని. అయితే డెక్కా ఒప్పందంలో ఒక షరతు ఉంది. వాళ్లకి పాడిన పాట విడుదలైనా కాకపోయినా అయిదేళ్లపాటు ఇంకెవరికీ పాడకూడదు. అందుకే కొత్త రికార్డు మీద అతని పేరు వేయకుండా 'ద క్రికెట్స్' అని బృందం పేరు వేశారు. ఆ టేపు ఒకటి రెండు కంపెనీలు తిరిగి, చివరికి కోరల్-బ్రన్స్‌విక్‌లో బాబ్ థీల్ దగ్గరికి చేరింది. బ్రన్స్‌విక్ ఎవరిది? డెక్కాదే. వీధి గుమ్మంలోంచి పంపేసిన కుర్రాడు పెరటి గుమ్మంలోంచి మళ్లీ అదే ఇంట్లోకి వచ్చాడు.

1957 మే 27న విడుదలైంది, సెప్టెంబరుకి అమెరికాలో నంబర్ వన్. అప్పుడు డెక్కా వాళ్లకి బీరువాలో పాత టేపులున్న సంగతి గుర్తొచ్చింది. ముందు పాత రూపాన్ని సింగిల్‌గా వదిలారు. 1958 ఏప్రిల్లో పదకొండు పాటలూ కలిపి ఈ ఎల్పీ వేశారు.

#4 గుంటూరు గిటార్
అబ్బ, ఇంత కథ ఉందా! థాంక్స్ సార్. అంటే అందరికీ తెలిసిన పాట పేరు పెట్టి లోపల ఎవరికీ తెలియని రూపం పెట్టారన్నమాట. మోసం కదా ఇది?

#5 బీచ్‌రోడ్డు
ముమ్మాటికీ మోసమే. వరస చూడండి. 1957 నవంబరులో క్రికెట్స్ పేరుతో బ్రన్స్‌విక్ ఎల్పీ. 1958 ఫిబ్రవరిలో హాలీ సొంత పేరుతో కోరల్ ఎల్పీ. ఏప్రిల్లో ఇది, డెక్కా పేరుతో. ఆరు నెలలు తిరక్కుండా మూడు, మూడూ ఒకే గల్లాపెట్టెకి. మొదటి రెండూ బంగారం. మూడోది చెత్తబుట్టలోంచి తీసి తుడిచి అమ్మింది. అతను బతికుండగా వచ్చిన ఎల్పీలు ఈ మూడే అనుకుంటే ఇంకా మండుతుంది.

అసలు దోషి బ్రాడ్లీ, అతని స్టూడియో. కంట్రీ పాటలకి అలవాటుపడిన గదిలోకి రాక్ కుర్రాణ్ని తోసి, గిటార్ కూడా పట్టనివ్వకుండా పాడించారు. గుంటూరు తమ్ముడూ, అది పక్కన పెట్టేసి క్లోవిస్ రికార్డింగులు కొనుక్కో.

#6 శ్రుతిబాక్స్
గిటార్ సంగతి జనవరి సెషన్ వరకే నిజం బీచ్‌రోడ్డు గారూ. ఆ రోజు రిథమ్ గిటార్ గ్రేడీ మార్టిన్ వాయించారు, నాష్‌విల్‌లో పేరున్న సెషన్ వాద్యకారుడు. లీడ్ మాత్రం హాలీ స్నేహితుడు సానీ కర్టిస్, బేస్ డాన్ గెస్. డ్రమ్ములు నాష్‌విల్ మనిషివి. హాలీ మాత్రం మైకు ముందు నిలబడి పాడాడు, అంతే. జూలైలో అలా కాదు. అప్పుడు వాయించినవాళ్లు పూర్తిగా అతని కుర్రాళ్లే. జెర్రీ ఆలిసన్ డ్రమ్ములు, కర్టిస్, గెస్, గిటార్‌తో హాలీ.

నేను రికార్డింగ్ స్టూడియోలో పనిచేస్తాను కాబట్టి నా చెవి ఎటు పోతుందో చెప్తాను. నాష్‌విల్‌లో సెషన్ అంటే మూడు గంటలు. వాద్యకారుల యూనియన్ లెక్క అది. మూడు గంటల్లో నాలుగు పాటలు పూర్తవ్వాలని అందరూ చూసుకుంటారు. జనవరిలో నాలుగు, జూలైలో అయిదు అయ్యాయంటే అర్థం అదే. ఒక్కో పాటకి ముప్పావుగంట కూడా దొరకదు. కొత్తవాడికి మొదటి టేకులో గొంతు బిగుసుకుంటుంది, అది వదిలేలోపు పాట అయిపోతుంది.

క్లోవిస్‌లో పెట్టీ గంటల లెక్కన డబ్బు తీసుకునేవాడు కాదు. పాటకి ఇంత. తెల్లవార్లూ కూర్చున్నా అదే రేటు. ఈ ఒక్క ఏర్పాటు వల్ల వచ్చిన తేడా మైకుల వల్ల, ప్రతిధ్వని గది వల్ల వచ్చినదానికంటే పెద్దదని నా అభిప్రాయం. 'ఎవ్రీడే' పాటలో డ్రమ్ములకి బదులు ఆలిసన్ తొడల మీద కొట్టుకున్న చప్పుడు వాడారు, పెట్టీ భార్య వై సెలెస్టా (చిన్న గంటల్లా మోగే పియానో లాంటి వాద్యం) వాయించింది. మూడు గంటల సెషన్లో గడియారం చూసుకుంటూ ఎవరికైనా ఆ ఆలోచన వస్తుందా? వచ్చినా "సరే, చేసి చూద్దాం" అనే తీరిక ఉంటుందా?

#7 బీచ్‌రోడ్డు
మీరు కూడా నా మాటే వేరే దారిలో చెప్తున్నారు మేడమ్. ఆ చోటు అతనికి సరిపడలేదు.

#8 పాతసూది
చోటుని అనకండి. అదే బ్రాడ్లీ స్టూడియోలో 1956 మే 4న జీన్ విన్సెంట్ 'బీ-బాప్-ఎ-లూలా' రికార్డయింది, కాపిటల్ కంపెనీకి. జూలై మొదటి వారంలో, అంటే హాలీ జూలై సెషన్‌కి మూడు వారాల ముందు, జానీ బర్నెట్ ట్రియో అక్కడే 'ద ట్రెయిన్ కెప్ట్ ఎ-రోలిన్' కొట్టింది. ఆ గిటార్ వినండి, స్పీకర్ చిరిగిపోతోందా అనిపిస్తుంది. ఆ గోడల మధ్య రాక్ అండ్ రోల్ పుట్టదని ఎలా అంటాం?

ఇక బ్రాడ్లీ గారి సంగతి. నవంబరు 8న కంట్రీ గాయని ప్యాట్సీ క్లైన్ చేత 'వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' పాడించారు. సరిగ్గా వారానికి, నవంబరు 15న, హాలీ ఆఖరి సెషన్. వారం తేడాతో ఒకే నిర్మాత చేతిలో ఒకరు జీవితాంతం నిలిచే పాట పాడారు, ఇంకొకరు ఇంటికి పోయారు. బ్రాడ్లీ తర్వాత బ్రెండా లీకి, లొరెట్టా లిన్‌కి చేసింది లోకమంతా విన్నది. చెవి లేనివాడు కాదు. ఈ కుర్రాడి విషయంలో ఏం కావాలో తేల్చుకోలేకపోయాడు. మూడు సెషన్లకి మూడు రకాల మనుషుల్ని కూర్చోబెట్టడమే సాక్ష్యం. నవంబరులోనైతే హాలీ స్నేహితుల్ని చాలావరకు పక్కనపెట్టి నాష్‌విల్ వాళ్లని పెట్టారు, శాక్సఫోన్ కూడా తెచ్చారు.

#9 అనకాపల్లి బెల్లం
పాట నడవకపోతే శాక్సఫోన్ పెట్టడం, సినిమా నడవకపోతే ఐటమ్ సాంగ్ పెట్టడం... మనకి తెలియని వైద్యమా.

#10 లాలాగూడ తాత
మీ వాదనలు బాగున్నాయి నాయనా. మేం ఇవేవీ తెలియకుండానే విన్నాం. సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా చుట్టూ ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు. సాయంత్రం అయితే రేడియో సిలోన్ పెట్టేవాళ్లు, శనివారం డాన్సు ఉంటే మా బోటి పిల్లలం కిటికీల దగ్గర. ఎవరింట్లోనైనా కొత్త రికార్డు వచ్చిందంటే వీధంతా తెలిసేది. సెషన్ ఏంటి, నిర్మాత ఎవరు, ఎవరు అడిగారు? కాలు ఆడిందా లేదా.

ఈ ఎల్పీ నా చేతికి చాలా ఆలస్యంగా వచ్చింది. అందులో ఆఖరి పాట 'మిడ్‌నైట్ షిఫ్ట్' మీరెవరూ ఎత్తలేదేం? ఆనీ అనే అమ్మాయి రాత్రి డ్యూటీకి పోతోందని పాట. ఏం డ్యూటీయో విడమర్చి చెప్పరు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు ముఖం అమాయకంగా పెట్టి పాడిన తీరు ఉంది చూడండి, కొంటెతనమంతా అందులోనే. కళ్లజోడు పెట్టుకుని బుద్ధిగా కనపడే హాలీలో ఈ పిల్లాడు కూడా ఉన్నాడని తెలిసేది ఈ రికార్డులోనే. తర్వాతి పాటల్లో ఈ రకం మళ్లీ లేదు. దీన్ని చెత్తబుట్ట సరుకంటే నేనొప్పుకోను.

#11 బీచ్‌రోడ్డు
తాతగారూ, ఆ పాట మీద నాకు గొడవ లేదు. ఒప్పుకుంటా, కత్తి పాట. అది జనవరిదే కదా? పదకొండింట్లో రెండు మూడు ఇలాంటివి ఉంటే ఎల్పీ గొప్పదైపోతుందా?

#12 శ్రుతిబాక్స్
ఎల్పీ వరసలో వినడం మానండి, అప్పుడు మాట్లాడదాం. మొదటి వైపు మొదటి పాట 'యూ ఆర్ మై వన్ డిజైర్', నవంబరుది, మెల్లగా సాగే ప్రేమపాట. దాని వెంటనే 'బ్లూ డేస్, బ్లాక్ నైట్స్', జనవరిది. ఆ వెంటనే మళ్లీ నవంబరు. తేదీలన్నీ కలగాపులగం చేశారు. ఆ వరసలో వింటే ఎవరికైనా అతుకుల బొంతలాగే ఉంటుంది.

తేదీల వరసలో పెట్టుకోండి. ముందు జనవరి నాలుగు: 'లవ్ మీ', 'డోంట్ కమ్ బ్యాక్ నాకిన్', 'మిడ్‌నైట్ షిఫ్ట్', 'బ్లూ డేస్, బ్లాక్ నైట్స్'. ఇవి అప్పటి కంట్రీ పాటలకి దగ్గరగా ఉంటాయి. తేలిక చప్పుడు, కర్టిస్ గిటార్ మాత్రం ఊరుకోదు, గీతకి అవతలికి పోతూనే ఉంటుంది. కొన్ని మాటల్ని హాలీ వెక్కిళ్లు వచ్చినట్టు విరిచి పాడతాడు, తర్వాత అతని గుర్తుగా నిలిచిపోయింది ఆ పద్ధతే. మొదటి సెషన్లోనే అది ఉంది. ఎవరూ నేర్పలేదు.

తర్వాత జూలై. ఆలిసన్ డ్రమ్ములు చేరగానే కింద నేల గట్టిపడినట్టు తెలుస్తుంది. 'రాక్ అరౌండ్ విత్ ఓలీ వీ', కర్టిస్ రాసింది. 'ఐ యామ్ ఛేంజింగ్ ఆల్ దోజ్ ఛేంజెస్', హాలీ సొంత పాట. 'టింగ్-ఎ-లింగ్' క్లోవర్స్ బృందం ముందే పాడిన రిథమ్ అండ్ బ్లూస్ పాట, దాన్ని లబ్బక్ కుర్రాళ్లు తమ పద్ధతిలో మోగించారు. 'గర్ల్ ఆన్ మై మైండ్' ఒకటే మెల్లది. అయిదోది మన గొడవకి మూలమైన పాట. ఈ అయిదూ కలిపి వింటే, పేరు ఇంకా పెట్టుకోలేదు గానీ క్రికెట్స్ అప్పటికే తయారైపోయారనిపిస్తుంది.

ఆపైన నవంబరు మూడు. 'ఓలీ వీ'ని శాక్సఫోన్ పెట్టి మళ్లీ చేశారు, 'మోడరన్ డాన్ హువాన్', 'వన్ డిజైర్'. వాద్యాలు జూలై కంటే శుభ్రంగా ఉంటాయి. ఎవరూ తప్పు వాయించరు. హాలీ మాత్రం అద్దెకొచ్చినవాడిలా ఉంటాడు.

ఇక ఆ ఒక్క పాట. జూలై రూపం ఎందుకు తేలిపోయిందన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. అప్పటికి ఆ పాట పుట్టి ఎక్కువ కాలం కాలేదు. ఆ ఏడాదే 'ద సెర్చర్స్' సినిమాలో జాన్ వేన్ పదే పదే అనే మాట పట్టుకుని హాలీ, ఆలిసన్ కట్టిన పాట. నాష్‌విల్ నుంచి వెనక్కి వచ్చాక ఏడు నెలలు ఊళ్లలో వాయించుకుంటూ తిరిగారు. పాట అరిగి నునుపెక్కింది. క్లోవిస్‌లో దాన్ని కిందికి దించి, గొంతుకి వీలైన చోట పెట్టి, వెనక కోరస్ చేర్చి పాడారు. బ్రాడ్లీకి పచ్చికాయ దొరికింది, పెట్టీకి పండు దొరికింది.

#13 పాతసూది
ఆ పండు మీద పెట్టీ పేరు కూడా రాసుకున్నాడు లెండి. ఆ పాట రచయితలుగా ఆలిసన్, హాలీ, పెట్టీ అని ముగ్గురి పేర్లూ ఉంటాయి. పాట కట్టింది మాత్రం హాలీ, ఆలిసన్ ఇద్దరే. క్లోవిస్ బంగారం అనేవాళ్లు ఆ ఖాతా కూడా చూసుకోవాలి.

#14 ఎర్రమట్టి
ఇన్నాళ్లూ చదివేవాణ్నే తప్ప రాసేవాణ్ని కాదు. లబ్బక్‌లోనే ఉన్నానండీ, టెక్సస్ టెక్‌లో ఎమ్మెస్. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. ఇక్కడికొచ్చేదాకా హాలీ ఎవరో తెలియదు. ఊరి చుట్టూ ఎటు చూసినా పత్తి చేలే, గాలి లేస్తే ఎర్రదుమ్ము. ఇల్లు వదిలి వచ్చినట్టే లేదు.

పాత రైల్వే డిపోని బడ్డీ హాలీ సెంటర్‌గా మార్చారు. బయట పెద్ద కళ్లజోడు బొమ్మ, అందరూ ఫోటో దిగేది అక్కడే. లోపల అతని అసలు కళ్లజోడు ఉంది. 1959 ఫిబ్రవరి 3న అయోవాలో విమానం కూలినప్పుడు అతని మీద ఉన్నది. అది చాలా ఏళ్లు ఒక కోర్టు భవనంలో ఉండిపోయి 1980లో బయటపడింది.

మీ చర్చకి పనికొచ్చేది ఇంకొకటి ఉంది. ఆ ఆవరణలోనే జెర్రీ ఆలిసన్ ఇల్లు తెచ్చి పెట్టారు, ఇంటికి ఇల్లు కదిలించి. శ్రుతిబాక్స్ గారు చెప్పిన ఆ పాట హాలీ, ఆలిసన్ కట్టింది ఆ ఇంట్లోనే, ఆలిసన్ పడగ్గదిలో. చాలా చిన్న గది. అందులో డ్రమ్ములు పెడితే ఇంకో మనిషి నిలబడటానికే కష్టం.

సమాధి మీద ఇంటిపేరు 'హాలీ'కి ఇంగ్లీషులో ఒక అక్షరం ఎక్కువ ఉంటుంది. అదే కుటుంబం వాడుకునే అసలు స్పెల్లింగు. డెక్కా ఒప్పందంలో ఆ అక్షరం పొరపాటున ఎగిరిపోతే, ఈయన అదే ఉంచేసుకున్నాడు. బీచ్‌రోడ్డు గారు తిట్టే ఆ కంపెనీయే ఆయనకి లోకం పిలిచే పేరు ఇచ్చింది మరి. వచ్చినవాళ్లు సమాధి మీద గిటార్ పిక్కులు పెట్టి వెళ్తుంటారు.

#15 గుంటూరు గిటార్
ఎర్రమట్టి అన్నా, నా తరఫున కూడా ఒక పిక్ పెట్టవా! క్లోవిస్ ఎంత దూరం నీకు?

#16 ఎర్రమట్టి
తప్పకుండా. క్లోవిస్ కారులో గంటన్నర, రెండు గంటలు. పెట్టీ స్టూడియో అలాగే ఉంచారట, ముందు అడిగి టైమ్ తీసుకుంటేనే చూపిస్తారు. సెమిస్టర్ అయ్యాక చూడాలి. ప్రాజెక్టు టెన్షన్‌లో ఉన్నా ఇప్పుడు.

#17 సెక్షన్ 52
ఒక చిన్న చట్టం మాట. ఈ పాటలతో రకరకాల అట్టల్లో చవక సీడీలు, ఎల్పీలు ఎందుకు దొరుకుతాయో తెలుసా? యూరప్‌లో 1963కి ముందు విడుదలైన రికార్డింగుల మీద హక్కు ముగిసిపోయింది. ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. మన చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాతి నుంచి అరవై ఏళ్లు. పాట మీద, అంటే మాటలు, బాణీ మీద హక్కు వేరు, అది రచయిత పోయాక కూడా అరవై ఏళ్లు నడుస్తుంది. కాబట్టి "పాత రికార్డే కదా" అని ఎవరూ యూట్యూబ్‌లో ఎక్కించకండి, ఇక్కడ లింకులూ పెట్టకండి...

#18 నిర్వాహకుడు
లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. చట్టం మీద వేరే చర్చ ఉంది, మిగతా వాదన అక్కడ.

#19 గుంటూరు గిటార్
నా కాపీ సంగతి అడగడం మర్చిపోయా. అట్ట మీద స్టీరియో అని ఉంది. మంచిదేనా?

#20 పాతసూది
1956లో ఆ పాటలు రికార్డయింది మోనోలో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని. స్టీరియో అని ఉంటే తర్వాత యంత్రంతో రెండుగా చీల్చిన సరుకు. ఒక చెవిలో గరగర, ఇంకో చెవిలో బొంగురు. మోనో కాపీ దొరికితే తీసుకోండి, లేదంటే యాంప్‌లో మోనో మీట నొక్కి వినండి, కొంత నయం.

అసలు 1958 డెక్కా ముద్రణ కావాలంటే నల్ల లేబుల్ మీద వెండి అక్షరాలు ఉండాలి. మధ్యలో రంగుల పట్టీ ఉందంటే అది అరవైల్లోది. నల్ల లేబుల్ శుభ్రంగా ఉన్నది దొరకడం కష్టం, దొరికినా మన జేబు ఒప్పుకోదు. 1967లో వోకాలియన్ అనే చవక లేబుల్ మీద 'ద గ్రేట్ బడ్డీ హాలీ' అని ఇవే రికార్డింగులతో ఇంకోటి వేశారు. అది గీతలు పడిన కాపీ అయినా అప్పుడప్పుడు కనపడుతుంది. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో పాత రికార్డుల గుట్టలు కదిపేవాళ్లకి ఇలాంటివి తగలొచ్చు. అక్కడ ధర చెప్పేవాడికి హాలీ తెలియకపోవడమే మనకి లాభం.

బ్రిటన్‌లో దీని తలరాత వేరు. అమెరికాలో ఈ ఎల్పీ చార్టుల్లోకి ఎక్కలేదు. 1961లో బ్రిటన్‌లో ఏస్ ఆఫ్ హార్ట్స్ అనే చవక లేబుల్ దీన్ని వేస్తే అక్కడ అయిదో స్థానం దాకా వెళ్లింది. మనిషి పోయి రెండేళ్లు దాటాక. 1958లో లివర్‌పూల్‌లో కొందరు కుర్రాళ్లు డబ్బులిచ్చి తమ మొదటి రికార్డు కోయించుకుంటే దాని మీద ఒక వైపు పాట 'దట్‌ల్ బీ ద డే'. వాళ్లు తర్వాత బీటిల్స్ అయ్యారు. ఆ దేశం హాలీని ఎంత నెత్తిన పెట్టుకుందో దీన్నిబట్టి చూడండి.

ఇంకోమాట. 2008లో యూనివర్సల్ స్టూడియోస్ గోదాములో మంటలు లేచినప్పుడు కాలిపోయిన మాస్టర్ టేపుల (మొదట రికార్డు చేసిన అసలు టేపుల) కథ 2019లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. అందులో హాలీ పేరూ ఉంది. కాబట్టి మంచి స్థితిలో ఉన్న పాత ముద్రణ ఇంట్లో ఉంటే జాగ్రత్తగా చూసుకోండి.

#21 గోదారి రవళి
ఈ వ్యాపారం హాలీ ఒక్కడితోనే జరగలేదు. రాయ్ ఆర్బిసన్ 1960లో మాన్యుమెంట్ కంపెనీలో 'ఓన్లీ ద లోన్లీ'తో పైకి రాగానే, సన్ కంపెనీ శామ్ ఫిలిప్స్ తన దగ్గర మిగిలిన పాత టేపులతో 1961లో 'ఎట్ ద రాక్ హౌస్' వేశాడు. జానీ క్యాష్ 1958లో కొలంబియాకి వెళ్లాక కూడా సన్ నుంచి అతని ఎల్పీలు వస్తూనే ఉన్నాయి. ఎల్విస్ సైన్యంలో ఉండి కొత్త పాటలు లేనప్పుడు ఆర్సీయే 1959లో రెండు ఎల్పీల్లో పాత సన్ రికార్డింగులు కలిపి అమ్మింది. అవి ఆనాటి నుంచి నేటిదాకా ఎల్విస్ చేసినవాటిలో గొప్పవని అందరూ అంటారు. అమ్మినవాడి ఉద్దేశం చూసి రికార్డుని కొలిస్తే అవన్నీ మనకి దక్కేవి కావు.

#22 బీచ్‌రోడ్డు
రవళి గారూ, ఎల్విస్ సన్ పాటలతో వీటికి పోలికా? అక్కడ శామ్ ఫిలిప్స్ గంటలు గంటలు ఓపిక పట్టి రాబట్టాడు. ఇక్కడ ఎవరు ఓపిక పట్టారు? నా మాట మీదే ఉన్నా. జూలై అయిదు, 'మిడ్‌నైట్ షిఫ్ట్', ఇవి ఉంచుకోండి. మిగతాది పెట్టె నింపడానికి.

#23 పాతసూది
పెట్టె నింపడం అంటే తర్వాత జరిగింది చూడాలి. హాలీ పోయాక, న్యూయార్క్ అపార్ట్‌మెంట్లో అతను ఒంటరిగా గిటార్‌తో పాడి పెట్టుకున్న టేపుల మీద జాక్ హాన్సెన్ స్టూడియోలో వాద్యాలు అతికించాడు. 1962 నుంచి పెట్టీ ఫైర్‌బాల్స్ బృందం చేత పాత టేపుల మీద మళ్లీ వాయించి అతికించాడు. 1963లో వచ్చిన 'రెమినిసింగ్' అలాంటిదే. పాడినవాడికి తెలియని డ్రమ్ములు, వినని గిటార్లు. అవి బ్రిటన్‌లో బ్రహ్మాండంగా అమ్ముడుపోయాయి. అందులో కొన్ని నాకూ ఇష్టమే, కాదనను.

వాటి పక్కన ఈ డెక్కా ఎల్పీ పెట్టి చూడండి. పేరుతో బురిడీ కొట్టించారు, ఒప్పుకుంటాను. పాట మీద మాత్రం ఎవరూ చెయ్యి వేయలేదు. 1956లో ఆ మూడు రోజులు ఆ గదిలో ఏం మోగిందో అదే ఉంది. హాలీ రికార్డు చేసినవన్నీ వాద్యాలు అతికించకుండా వినాలంటే 2009లో వచ్చిన ఆరు సీడీల సెట్టు ఉంది, ఇప్పుడు వెతికి పట్టుకోవాలి.

#24 లాలాగూడ తాత
అతికించినవాటిని నేను కూడా ఏళ్ల తరబడి అసలువే అనుకుని విన్నా. కాలు ఆడింది మరి, ఏం చేస్తాం.

#25 గుంటూరు గిటార్
శ్రుతిబాక్స్ మేడమ్ చెప్పిన వరసలో విన్నా. సూది ఎత్తి పెట్టి ఎత్తి పెట్టి మా అమ్మ విసుక్కుంది గానీ, తేడా నిజంగానే తెలిసింది. జూలై పాటలు గిటార్ మీద నేర్చుకోవడం మొదలుపెట్టా. 'ఛేంజింగ్ ఆల్ దోజ్ ఛేంజెస్' వేళ్లకి తేలిగ్గా దొరికింది, 'ఓలీ వీ'లో కర్టిస్ వాయించిన సోలో దొరకట్లేదు.

ఒకటి మాత్రం చెప్పాలి, తిట్టకండి. నవంబరుది 'యూ ఆర్ మై వన్ డిజైర్' నాకు బాగా నచ్చింది. అద్దెకొచ్చినవాడిలా ఉన్నాడన్నారు కదా మేడమ్, ఆ బెరుకే ఆ పాటకి కుదిరిందనిపించింది.

#26 శ్రుతిబాక్స్
తిట్టడం ఎందుకు, నచ్చితే నచ్చినట్టే. ఆ పాటలో పియానో దగ్గర మళ్లీ వింటాను. శాక్సఫోన్ 'ఓలీ వీ' విషయంలో మాత్రం నన్ను ఎవరూ మార్చలేరు.

#27 బీచ్‌రోడ్డు
నవంబరు మూడింటినీ వెనకేసుకొచ్చేవాడు గుంటూరులో పుట్టాడా! తమ్ముడూ, ఆ స్టీరియో కాపీ అమ్మేస్తానంటే ముందు నాకు చెప్పు. 'మిడ్‌నైట్ షిఫ్ట్' కోసం.